పెంపుడు కుక్క శిక్షణ: ఓపిక, రోజువారీ సాధన

పెంపుడు కుక్క రోజంతా నేర్చుకుంటూనే ఉంటుంది. గొలుసు చేతికి తీసుకుంటే బయటికి వెళ్లబోతున్నారని, ఫ్రిజ్ తలుపు చప్పుడైతే తినడానికి ఏదో దొరుకుతుందని, కాలింగ్ బెల్ మోగితే మొరగాలని దానికి ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. ఇంటివారు శిక్షణ అనుకునేది రోజుకు పది నిమిషాలు. కుక్క లెక్కలో మెలకువగా ఉన్నంతసేపూ శిక్షణే. ఏ పద్ధతి మంచిది, ఏ బెల్టు కొనాలి, ఏ బిస్కెట్టు పెట్టాలి అనే చర్చలన్నీ ఆ పది నిమిషాల చుట్టూ తిరుగుతాయి. ఫలితాన్ని తేల్చేది ఎక్కువగా మిగతా సమయం. ఓపిక విషయమూ అంతే. అది యజమానికి పుట్టుకతో వచ్చే శాంత స్వభావం అన్నట్టు మాట్లాడటం మామూలే. నూరేళ్లకు పైబడిన పరిశోధనను, శిక్షకుల అనుభవాన్ని కలిపి చూస్తే మాత్రం ఓపిక చాలావరకు ఏర్పాటుకు సంబంధించిన సంగతి. నేర్పే పనిని చిన్న మెట్లుగా విడగొట్టి, ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండి, కుక్క తప్పు చేసే అవకాశాన్ని ముందే తగ్గించగలిగితే కోపిష్ఠి మనిషి కూడా కుక్కకు చక్కగా నేర్పగలడు.

కుక్క నేర్చుకునే తీరుకు తొలి శాస్త్రీయ వివరణ రష్యా నుంచి వచ్చింది. జీర్ణక్రియపై చేసిన కృషికి 1904లో నోబెల్ బహుమతి అందుకున్న ఇవాన్ పావ్లోవ్, తన ప్రయోగశాలలోని కుక్కలకు తిండి నోటికి అందకముందే లాలాజలం ఊరడం గమనించి, మిగిలిన జీవితమంతా ఆ గుట్టు విప్పడానికే వెచ్చించాడు. తిండికి ముందు ప్రతిసారీ మెట్రోనోమ్ చప్పుడు వినిపిస్తే కొన్నాళ్లకు ఆ చప్పుడొక్కటే లాలాజలాన్ని రప్పించింది. మన మనోవిజ్ఞాన పుస్తకాలు దీన్ని శాస్త్రీయ నిబంధన అంటాయి. అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో వెలువరించిన పరిశోధనలో పిల్లులను, కుక్కలను పెట్టెల్లో ఉంచి, అవి గడియ తీసుకుని బయటపడటానికి పట్టే సమయం క్రమంగా తగ్గడాన్ని కొలిచాడు. తృప్తినిచ్చిన చర్య మళ్లీ జరుగుతుందనే ఫలిత నియమానికి మూలం అదే. బి.ఎఫ్. స్కిన్నర్ 1938 నాటి తన గ్రంథంలో ఆ ఆలోచనను కార్యసాధక నిబంధనగా విస్తరించాడు. డీఎస్సీకి చదివినవారికి ఈ మూడు పేర్లూ కంఠతా వస్తాయి. బడిపిల్లల కోసమని బట్టీపట్టిన ఆ సూత్రాలు గుమ్మం ముందు పడుకున్న జంతువుకు ఇంకా నేరుగా వర్తిస్తాయన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు.

శాస్త్రీయ నిబంధన, కార్యసాధక నిబంధన రెండూ ఎప్పుడూ జంటగానే నడుస్తాయి. కూర్చుంటే చికెన్ ముక్క దొరుకుతుందని కుక్క నేర్చుకుంటున్న సమయంలోనే, ఆ ముక్క ఇచ్చే చేతి మీద, ఆ గది మీద, ఆ గొంతు మీద దానికో అభిప్రాయం ఏర్పడుతుంది. కూర్చోలేదని నెత్తిన ఒకటి వేస్తే అది కూర్చోవడం నేర్చుకోవచ్చు. చేయి పైకి లేస్తే తల తప్పించుకోవాలని కూడా నేర్చుకుంటుంది. రెండో పాఠం యజమాని చెప్పదలచుకున్నది కాదు, అయినా మొదటిదానికంటే గట్టిగా నాటుకుంటుంది.

ఇరవయ్యో శతాబ్దంలో పెంపుడు కుక్కల శిక్షణ సైనిక, పోలీసు శిక్షణ నీడలోనే పెరిగింది. జర్మనీలో కోన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన పుస్తకం, అమెరికాలో విలియం కోలర్ 1962లో ప్రచురించిన పుస్తకం ఈ ధోరణికి ముఖ్యమైనవి. గొలుసును గట్టిగా గుంజడం, మాట విననిదాన్ని లొంగదీయడం ఆ పద్ధతుల్లో ప్రధానం. ఈ ధోరణికి తోడేళ్ల మీద జరిగిన ఒక పరిశీలన కూడా ఊతమిచ్చింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించిన తోడేళ్లను గమనించి రుడాల్ఫ్ షెంకెల్ 1947లో రాసిన వ్యాసం నుంచి, గుంపుకు పోరాడి గెలిచిన నాయకుడు ఉంటాడనే భావన ప్రచారమైంది. డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకం దాన్ని మరింత వ్యాప్తిలోకి తెచ్చింది. తర్వాత కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి చూసిన మెక్, 1999లో తన పాత మాటను తానే సవరించుకున్నాడు. అడవిలోని తోడేళ్ల గుంపు సాధారణంగా తల్లి, తండ్రి, పిల్లలు ఉండే కుటుంబమనీ, అక్కడ పెత్తనం తల్లిదండ్రులకు సహజంగా వచ్చేదే తప్ప కుస్తీలో గెలుచుకునేది కాదనీ తేల్చాడు. శాస్త్రవేత్త వదిలేసిన సిద్ధాంతాన్ని కుక్కల శిక్షకులు, టీవీ కార్యక్రమాలు ఇంకా మోస్తూనే ఉన్నాయి. కుక్కకంటే ముందు అన్నం తినాలి, గుమ్మం ముందు దాటాలి, అది ఎదురు తిరిగితే వెల్లకిలా పడేసి అదిమిపట్టాలి వంటి సలహాలన్నీ ఆ మూటలోవే.

రెండో ధోరణి స్కిన్నర్ శిష్యుల నుంచి మొదలైంది. కుక్క మనకు నచ్చిన పని చేసిన క్షణాన్ని టిక్కుమనే చిన్న బొమ్మతో గుర్తించి వెంటనే తిండి ఇవ్వవచ్చని స్కిన్నర్ 1951లోనే ఒక పత్రికా వ్యాసంలో వివరించాడు. అయినా ఈ పద్ధతి ఇళ్లలోకి వచ్చింది సముద్రం దారిన. హవాయిలో డాల్ఫిన్లకు నేర్పిన కేరెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకంతో అది జనంలోకి వెళ్లింది. డాల్ఫిన్‌ను గొలుసుతో గుంజలేరు, కొట్టబోతే ఈదుకుంటూ వెళ్లిపోతుంది. అందుకే ఈల ఊది చేప ఇవ్వడం తప్ప వారికి వేరే దారి లేకపోయింది. ఆ ఇబ్బందే పెంపుడు కుక్కల పాలిట మేలు చేసింది. ఈల స్థానంలో నొక్కితే టిక్కుమనే క్లిక్కర్ వచ్చింది. క్లిక్కర్ లేకపోతే ‘శభాష్’ అనే పొట్టి మాట చాలు, అది ఎప్పుడూ ఒకేలా, సరైన క్షణంలో వినిపించాలి.

ఈ రెండు ధోరణుల మధ్య తగాదాను ఈ శతాబ్దపు పరిశోధనలు చాలావరకు తేల్చాయి. బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో యజమానులను ప్రశ్నించి, బహుమతులతో నేర్పిన కుక్కలు మాట వినడంలో మెరుగ్గా ఉన్నాయని, శిక్షలు ఎక్కువైన చోట ప్రవర్తన సమస్యలు ఎక్కువగా కనిపించాయని చెప్పారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2009 అధ్యయనంలో, కుక్కను కొట్టిన లేదా తన్నిన యజమానుల్లో 43 శాతం మంది అది తిరిగి దూకుడుగా స్పందించిందని చెప్పారు. ఇలాంటి ప్రశ్నావళి అధ్యయనాలకు ఒక పరిమితి ఉంది: దెబ్బల వల్ల కుక్క చెడిందా, చెడిన కుక్కకే దెబ్బలు పడ్డాయా అనేది వాటితో తేలదు. నేరుగా పోల్చి చూసిన పనులు ఆ లోటును కొంత పూడ్చాయి. లింకన్ విశ్వవిద్యాలయం 2014లో 63 కుక్కలతో చేసిన పరిశీలనలో షాక్ కాలర్ వాడటం వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు, కుక్కల్లో బెదురు మాత్రం పెరిగింది. పోర్చుగల్‌లో 92 కుక్కలపై జరిగి 2020లో వెలువడిన అధ్యయనం, కఠిన పద్ధతులు వాడే శిక్షణ కేంద్రాల కుక్కల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ శిక్షణ తర్వాత పెరిగినట్టు చూపింది. వేల్స్ 2010లోనే షాక్ కాలర్లను నిషేధించింది. దెబ్బతో ఏ కుక్కా నేర్చుకోదని వీటి అర్థం కాదు, నేర్చుకుంటుంది. కానీ అదే ఫలితం తక్కువ నష్టంతో అందుతున్నప్పుడు దెబ్బను సమర్థించడానికి కారణం మిగలదు.

దెబ్బకు మరో లోపం కాలానికి సంబంధించినది. బహుమతి గానీ శిక్ష గానీ చర్య జరిగిన ఒకటి రెండు సెకన్లలో అందకపోతే కుక్క దాన్ని ఆ చర్యతో కలపలేదు. ఆఫీసు నుంచి వచ్చి, మధ్యాహ్నం కొరికిన చెప్పు చూపించి తిట్టినప్పుడు కుక్క చెవులు వెనక్కి పెట్టి, చూపు తిప్పుకుని, తోక ముడుస్తుంది. తప్పు తెలుసు కాబట్టే అలా చేస్తోందని యజమాని నమ్ముతాడు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 14 కుక్కలతో చేసి 2009లో ప్రచురించిన ప్రయోగం ఈ నమ్మకాన్ని పరీక్షించింది. తినవద్దన్న తిండిని కుక్క తిన్నదీ లేనిదీ యజమానికి కొన్నిసార్లు తప్పుగా చెప్పారు. ఆ ‘నేరం ఒప్పుకున్న ముఖం’ కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదాన్ని బట్టి రాలేదు, యజమాని తిట్టినప్పుడల్లా వచ్చింది. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా తిడితే అదే ముఖం పెట్టాయి. కాబట్టి సాయంత్రపు తిట్లు కుక్కకు నేర్పేది ఒకటే, యజమాని ఇంటికి రావడం ప్రమాదకరమని.

రోజుకు ఎంతసేపు సాధన చేయించాలన్న ప్రశ్నకు వచ్చిన జవాబు చాలామంది ఊహకు భిన్నంగా ఉంటుంది. డెన్మార్క్ పరిశోధకులు బీగిల్ కుక్కలతో 2008లో, 2011లో రెండు అధ్యయనాలు ప్రచురించారు. వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే నేర్పిన కుక్కలు, దాదాపు రోజూ నేర్పినవాటికంటే తక్కువ పాఠాల్లోనే పని పట్టుకున్నాయి. ఒకే పూట వరసగా మూడు పాఠాలు చెప్పడం కంటే ఒక్కటే చెప్పి ఆపడం మేలని కూడా తేలింది. బుడాపెస్ట్ పరిశోధకుల 2017 నాటి పని నేర్చుకున్న తర్వాతి నిద్ర జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుందని సూచిస్తుంది. అంటే కుక్క మెదడు పాఠానికీ పాఠానికీ మధ్యనే పని పూర్తిచేసుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాఠాల సంఖ్య తక్కువైనా, రోజులు లెక్కపెడితే వారానికోసారి నేర్పే కుక్క పాఠం పూర్తవడానికి ఎక్కువ వారాలు పడతాయి. తొందరగా ముగించాలనుకునేవారు రోజూ నేర్పినా తప్పు లేదు, పూటకు మూడు నుంచి ఐదు నిమిషాలు దాటకూడదంతే. పని సరిగ్గా చేసిన ఘట్టంలోనే ఆపాలి. అలసిన కుక్కతో ఇరవై నిమిషాలు కుస్తీ పడితే ఆ సమయంలో ఎక్కువగా సాధన అయ్యేది తప్పులే.

దీర్ఘకాలిక సాధనకు అందరూ చెప్పుకునే ఉదాహరణ చేజర్ అనే బోర్డర్ కోలీ. అమెరికాలోని దక్షిణ కరొలైనాలో విశ్రాంత మనోవిజ్ఞాన ఆచార్యుడు జాన్ పిల్లీ మూడేళ్ల పాటు రోజుకు గంటల తరబడి ఆటలతో నేర్పి, దానికి 1,022 బొమ్మల పేర్లు గుర్తుపట్టడం అలవాటు చేశాడు. వివరాలు 2011లో ప్రచురితమయ్యాయి. మామూలు ఇళ్లకు ఈ అంకె ఆదర్శం కానక్కరలేదు. పదిహేను ఇరవై పేర్లు, నాలుగైదు పనులు నేర్చిన కుక్కతో జీవితం హాయిగా గడుస్తుంది. చేజర్ నుంచి తీసుకోదగ్గది వేరే ఉంది: ప్రతి కొత్త పేరునూ ఒక్కొక్కటిగా చెప్పడం, పాతవాటితో కలిపి పరీక్షించడం, నిలిచిందని తేలాకే తర్వాతిదానికి వెళ్లడం.

మెట్లు విడగొట్టడం ఎలాగో ‘ఉండు’ అనే ఆజ్ఞతో చూడవచ్చు. ఇందులో మూడు కష్టాలు కలిసి ఉంటాయి: ఎంతసేపు కదలకుండా ఉండాలి, యజమాని ఎంత దూరంలో ఉంటాడు, చుట్టూ ఎంత సందడి ఉంది. మూడింటినీ ఒకేసారి పెంచడం కొత్తవారు చేసే పొరపాటు. హాల్లో రెండు సెకన్లు ఉండగలిగిన కుక్కను గేటు దగ్గర, వీధికుక్క పోతుండగా, పదడుగుల దూరం నుంచి ‘ఉండు’ అంటే అది లేచి పరుగెత్తడం ధిక్కారం కాదు, ఆ పాఠం దానికి ఇంకా చెప్పనే లేదు. ఒకటి పెంచినప్పుడు మిగతా రెండూ తగ్గించాలి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగ్గా చేస్తేనే ముందుకు వెళ్లాలని, సగం తప్పుతుంటే వెనక్కి రావాలని శిక్షకులు పెట్టుకునే లెక్క మోటుదే గానీ ఉపయోగపడుతుంది. పరిసరం మారినప్పుడల్లా కుక్క దాదాపు మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఒకచోట నేర్చినదాన్ని ఇంకోచోట వర్తింపజేసుకునే సామాన్యీకరణంలో అది మనిషి అంత చురుకు కాదు. వంటింట్లో నేర్చిన ‘కూర్చో’ మేడ మీదా, లిఫ్టులోనూ, పశువుల ఆసుపత్రిలోనూ విడివిడిగా నేర్పాల్సిందే.

పిలిస్తే రావడం అన్నిటికంటే విలువైన పాఠం, చాలా ఇళ్లలో చేజేతులా చెడగొట్టుకునేది కూడా అదే. ఆడుకుంటున్న కుక్కను పిలిచి గొలుసు వేస్తారు, పిలిచి స్నానం చేయిస్తారు, పిలిచి తిడతారు. కొన్నాళ్లకు పేరు వినిపించగానే అది దూరం జరుగుతుంది. వచ్చిన ప్రతిసారీ మంచి జరగాలి. చేదు పనులకు యజమానే కుక్క దగ్గరికి నడిచి వెళ్లాలి.

ఉమ్మడి కుటుంబాల్లో, నలుగురున్న ఇళ్లలో అసలు చిక్కు కుక్కది కాదు. నాన్న సోఫా ఎక్కొద్దంటాడు, పిల్లలు ఎక్కించుకుంటారు. అమ్మ భోజనాల దగ్గరికి రావద్దని కసురుతుంది, నాయనమ్మ ఎవరూ చూడకుండా ఇడ్లీ ముక్క పడేస్తుంది. పదిసార్లలో ఒక్కసారి దొరికే బహుమతి అలవాటును ప్రతిసారీ దొరికే బహుమతి కంటే మొండిగా నిలబెడుతుందని స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ 1957 నాటి తమ గ్రంథంలో వివరంగా చూపారు. అంటే నాయనమ్మ తెలియకుండానే ఇంట్లో అందరికంటే సమర్థురాలైన శిక్షకురాలు. ఆ ముక్క ఆపేసిన మొదటి రోజుల్లో కుక్క అడగడం మానదు సరికదా, మొరిగి, కాలితో గీరి రెట్టింపు చేస్తుంది. విరమణకు ముందు ఈ విజృంభణ మామూలే. సరిగ్గా ఆ దశలో విసుగొచ్చి ఒక ముక్క ఇస్తే, గట్టిగా మొరిగితేనే దొరుకుతుందని నేర్పినట్టవుతుంది. ఓపిక నిజంగా కావలసింది ఈ నాలుగైదు రోజులకే. నాయనమ్మ ముద్దును ఆపలేని ఇళ్లలో దానికో చోటు కేటాయించడం తేలిక: భోజనాలయ్యాక, చాప మీద కూర్చున్నప్పుడే, ఆవిడ చేత్తోనే. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషమని మాత్రం ఆవిడకు ముందే చెప్పాలి.

మాటల విషయంలోనూ ఇదే గందరగోళం. ఒకరు ‘సిట్’ అంటే ఇంకొకరు ‘కూర్చో’, మూడోవారు ‘కూర్చోవే అంటే’ అంటారు. ఏ భాషైనా కుక్కకు అభ్యంతరం లేదు, ఒక పనికి ఒకే మాట ఉంటే చాలు. మెచ్చుకునేటప్పుడు మాట, స్వరం రెండూ కలవాలి. హంగరీ శాస్త్రవేత్తలు 2016లో కుక్కల మెదడును స్కాన్ చేసి చూస్తే, మెచ్చుకోలు మాటలు మెచ్చుకోలు స్వరంతో వినిపించినప్పుడే సంతోషానికి సంబంధించిన భాగాలు చురుకయ్యాయి.

వయసు లెక్క కూడా ముఖ్యమే. మూడో వారం నుంచి సుమారు పన్నెండో వారం వరకు కుక్కపిల్ల లోకాన్ని భయం లేకుండా ఒంటబట్టించుకునే కాలమని జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ తమ దీర్ఘకాల పరిశోధన ఆధారంగా 1965లో చెప్పారు. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాల ప్రకారం ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. అంటే కొన్నవారి చేతికి వచ్చేసరికి ఆ కాలంలో సగానికి పైగా గడిచిపోయి ఉంటుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా గడప దాటనివ్వకపోతే మిగిలిందీ పోతుంది. వీధి నేల మీద దించకుండా చంకన వేసుకుని ఆటోల చప్పుడు, హెల్మెట్ పెట్టుకున్న మనుషులు, గొడుగులు, ముసలివాళ్లు, పిల్లలు అన్నీ చూపిస్తే పార్వో వైరస్ భయం లేకుండానే ఈ పాఠం అయిపోతుంది.

మలమూత్రాల అలవాటుకు తెలివితేటలతో పని తక్కువ, గడియారంతో ఎక్కువ. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ఆపగానే పిల్లను అదే చోటికి తీసుకెళ్లాలి. నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చే అంకె అన్ని గంటలు అది ఆపుకోగలదని ఒక మోటు లెక్క. ఐదో అంతస్తు ఫ్లాట్లలో లిఫ్టు వచ్చేలోపే పని అయిపోతుందని బాల్కనీలో టైల్స్ మీద అలవాటు చేస్తారు. తర్వాత అదే కుక్క పార్కులో గంట తిరిగి, ఇంటికొచ్చి టైల్స్ మీదే కానిస్తుంది. అలవాటు నేల రకానికి అంటుకుంటుంది కాబట్టి బాల్కనీలో ట్రే నిండా మట్టి లేదా గడ్డి పెట్టడం మంచిది. కుక్క ముక్కును ఆ మలమూత్రాలకు రుద్దే పాత శిక్ష, మనుషుల ఎదుట పోయకూడదని మాత్రమే నేర్పుతుంది. అప్పటి నుంచి అది సోఫా వెనకకు వెళ్తుంది.

ఆరు నెలలు దాటాక అంతా మరచిపోయినట్టు ప్రవర్తించే దశ వస్తుంది. బ్రిటన్‌లో గైడ్ కుక్కలపై జరిగి 2020లో వెలువడిన పరిశోధనలో, ఎనిమిది నెలల వయసు కుక్కలు అంతకుముందు కంటే తమను పెంచేవారి మాట తక్కువగా విన్నాయి. అపరిచితుల మాట వినడంలో మాత్రం ఆ తగ్గుదల కనిపించలేదు. యుక్తవయసు పిల్లలున్న ఇళ్లకు ఇది వింతగా తోచదు. కుక్కలను వదిలించుకోవడం ఎక్కువగా ఈ వయసులోనే జరుగుతుంది. ఏడాది దాటేసరికి చాలా కుక్కలు దారికొస్తాయి.

భయాన్ని పోగొట్టే పని మిగతావాటికంటే నెమ్మదైనది. దీపావళి టపాసులకు వణికే కుక్కకు సాధన పండగ రోజు మొదలుపెడితే కుదరదు, వినాయక చవితి నాటికే మొదలవ్వాలి. రికార్డు చేసిన టపాసుల చప్పుడును వినీ వినబడనంత తక్కువలో పెట్టి, మోగుతున్నంతసేపూ ఇష్టమైన తిండి పెట్టాలి. రోజులు గడిచేకొద్దీ శబ్దాన్ని వెంట్రుకవాసి చొప్పున పెంచాలి. కుక్క తినడం ఆపిందంటే శబ్దం ఎక్కువైందని గుర్తు. పండగ రాత్రి మాత్రం శిక్షణ జోలికి పోకుండా, కిటికీలు మూసిన గదిలో టీవీ పెట్టి, మంచం కింద దూరితే దూరనివ్వడమే సరైనది. దగ్గర కూర్చుని నిమిరితే భయం పెరుగుతుందనే మాటకు ఆధారం లేదు.

వ్యాయామం చాలని కుక్కకు ఏ పాఠమూ ఎక్కదు. రోజంతా కట్టేసి ఉంచిన కుక్క గొలుసు విప్పగానే మనిషిని ఈడ్చుకుపోతే అందులో దాని తప్పేమీ లేదు. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరమేనన్నది చాలా గేటెడ్ కాలనీలకు తెలియదు. మన ఎండల్లో నడక వేళలు తెల్లవారుజామున, రాత్రిపూట ఉండాలి. తారురోడ్డు మీద అరచేయి కొన్ని సెకన్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకూ పనికిరాదు. నడకలో అది వాసన చూడటానికి ఆగినప్పుడల్లా గుంజకుండా కొంతసేపు వదిలేయడం కూడా శిక్షణలో భాగమే.

జాతిని బట్టి ఓపిక కొలత మారుతుంది. లాబ్రడార్ తిండి కోసం ఏదైనా చేస్తుంది కాబట్టి కొత్తవారికి తేలిక. ముధోల్, రాజపాళయం వంటి దేశీ వేటకుక్కలు పరుగెత్తేదాన్ని చూస్తే పిలుపు వినిపించుకోవు, అది వాటి వృత్తి. కొల్లేరు ప్రాంతంలో బాతుల మేపరులు వాడిన జోనంగి, మనిషి పక్కన పనిచేసిన కుక్కే అయినా ఖాళీగా ఉంచితే పెరడంతా తవ్విపోస్తుంది. వీధి నుంచి తెచ్చిన దేశవాళీ కుక్కలు మొద్దువని అనుకోవడం పొరపాటు. కోల్‌కతా ఐసర్ (భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ముక్కూముఖం తెలియని మనిషిని నమ్మడానికి వీధికుక్కలకు తిండి కంటే పదేపదే నిమరడమే ఎక్కువ పనిచేసింది. వీటికి బిస్కెట్ల సంచి కంటే రెండు మూడు నెలల వ్యవధి ముఖ్యం.

ఇంటికొచ్చి నేర్పే శిక్షకులు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఈ వృత్తికి తప్పనిసరి అర్హత ఏదీ లేదు కాబట్టి ఎంచుకునే బాధ్యత యజమానిదే. పాఠం జరుగుతున్నంతసేపు చూడనివ్వని శిక్షకుణ్ని వదిలేయడం మేలు. నెల రోజులు కెనెల్‌లో ఉంచుకుని ‘ట్రైనింగ్ చేసి ఇస్తాం’ అనే ఏర్పాటులో కుక్క శిక్షకుడి మాట వినడం నేర్చుకుంటుంది, యజమానికి ఏమీ రాదు. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రంలో కుక్కతో పాటు దాన్ని నడిపే పోలీసుకు కూడా నెలల తరబడి కలిపి శిక్షణ ఇవ్వడానికి కారణం ఇదే.

శిక్షణ చేతిలో లేని సంగతులూ కొన్ని ఉన్నాయి. ఏళ్లుగా శుభ్రంగా ఉన్న కుక్క అకస్మాత్తుగా ఇంట్లో మూత్రం పోస్తే, ముట్టుకుంటే గుర్రుమంటే, మెట్లెక్కమంటే మొరాయిస్తే దాని వెనక మూత్రనాళ ఇన్ఫెక్షనో, కీళ్ల నొప్పో, చెవిపోటో ఉండవచ్చు. అక్కడ ముందు కావలసింది పశువైద్యుడు. గుర్రుమన్నందుకు కొడితే కుక్క గుర్రుమనడం మానేస్తుంది, హెచ్చరిక లేకుండా కరవడం మొదలుపెడుతుంది. ఒకసారి కరిచిన కుక్కను ఇంటి చిట్కాలతో సరిచేయబోకుండా ప్రవర్తన చికిత్స తెలిసిన వైద్యుడికి చూపించాలి. కరిచింది ఇంటి కుక్కే అయినా, టీకా వేయించిందే అయినా, గాయాన్ని సబ్బుతో ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.